కారణం తెలియని జబ్బు, కారణం తేల్చేసిన ఇల్లు: ఉద్దానం నుంచి ఒక కేస్ స్టడీ

రోగి పురుషుడు, వయసు 44. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఎకరానికి లోపే కొబ్బరితోట. దానితో ఇల్లు గడవదు కాబట్టి పక్క తోటల్లో కాయల దింపుకు, వేసవిలో జీడిపిక్కలు ఏరే పనికి వెళ్తారు. ఈ కేసు రాయడానికి ఆయనా, ఇంట్లోవాళ్ళూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఆయన వచ్చింది నడుము నొప్పికి. ఇదివరకు కొట్టులో కొని వాడిన నొప్పి బిళ్ళల అట్ట జేబులోంచి తీసి, ఇవే ఇంకో నెలకు రాసిమ్మన్నారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో వైద్యం చేసేవాడికి ఇలాంటి ఖాళీ అట్ట కనబడితే ముందు రక్తపరీక్ష రాయాలనే అనిపిస్తుంది. రాశాను.

క్రియాటినిన్ (రక్తంలోంచి కిడ్నీలు వడపోసి పంపవలసిన వ్యర్థం) 2.6 వచ్చింది. మగవారికి మామూలుగా 1.3 దాటకూడదు. వయసుతో లెక్క కడితే కిడ్నీల వడపోత సామర్థ్యం 30 దగ్గర తేలింది, అంటే జబ్బు ఐదు దశల్లో మూడో దశ చివర, నాలుగో దశ గుమ్మంలో ఉన్నారు. మూత్రంలో ప్రోటీను జాడ మాత్రమే. చక్కెర జబ్బు లేదు. రక్తపోటు 130/80. పొటాషియం 3.4, కొంచెం తక్కువ. యూరిక్ ఆమ్లం 8.6, ఎక్కువ. స్కానులో రెండు కిడ్నీలూ ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఉన్నాయి. పెద్దవాళ్ళకు తొమ్మిది నుంచి పదకొండు ఉండాలి. రాళ్ళు లేవు, మూత్రం దారిలో అడ్డేమీ లేదు. దీర్ఘకాలిక వ్యాధి అనడానికి మూడు నెలల ఎడం కావాలి కనుక అప్పుడు మళ్ళీ చూశాం. 2.7.

చక్కెర జబ్బు వల్ల కిడ్నీ పాడైతే మూత్రంలో ప్రోటీను ధారాళంగా పోతుంది. రక్తపోటు వల్ల అయితే కంటి లోపలి నాళాలు, గుండె గోడ సాక్ష్యం చెబుతాయి. ఈయనలో ఆ సాక్షులెవరూ లేరు. వడపోత గుత్తుల తర్వాత ఉండే సన్నని గొట్టాలు, వాటి మధ్య కణజాలం ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా మచ్చకట్టి ముడుచుకుపోయిన తీరు ఇది. ముడుచుకున్న కిడ్నీలో సూది గుచ్చితే రక్తస్రావం ముప్పు ఎక్కువ, తెలిసేది తక్కువ. అందుకే బయాప్సీ జోలికి పోలేదు. కేస్ షీటులో రోగనిర్ధారణ గడిలో 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి' అని రాశాను.

ఆ గడి నింపిన వైద్యుడికి పని ఒక మెట్టు ముందుకు జరిగినట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి అలా ఉండదు.

"కారణం ఏమిటి బాబూ?" అన్నారాయన.

"ఇంకా తేలలేదు. చాలామంది వెతుకుతున్నారు."

ఆయన తల ఊపి ఊరుకున్నారు. వెనక నిలబడ్డ భార్య మాత్రం నెమ్మదిగా, "మా ఇంట్లో తేలిపోయింది బాబూ" అంది.

వెతుకులాట ఎంతవరకు వచ్చింది

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఉన్న ఈ ఏడు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలున్న పట్టీని ఉద్దానం అంటాం. ఇక్కడ కిడ్నీ జబ్బు మామూలు కంటే ఎక్కువగా ఉందని 1990ల నుంచే స్థానిక వైద్యులు గమనించారు. తర్వాత పద్ధతి ప్రకారం జరిగిన సర్వేల్లో పెద్దల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలింది. వారిలో ఎక్కువమందికి చక్కెర, రక్తపోటు లాంటి తెలిసిన కారణమేదీ లేదు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు అదే కాలంలో ఇలాంటిదే కనబడింది. మధ్య అమెరికాలో పసిఫిక్ తీరాన చెరకు నరికే కూలీలకు వస్తున్న ఇదే తరహా జబ్బు గురించి 2002లో ఎల్ సాల్వడార్ వైద్యులు ప్రచురించారు. అనుమానితుల జాబితా అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే: భూగర్భ జలం, అందులోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ చేస్తూ ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పి బిళ్ళలు, వంశలక్షణం. ఎవరినీ పూర్తిగా వదిలిపెట్టలేదు, ఎవరికీ శిక్ష పడలేదు.

ఇలాంటి చిక్కుముడి ఒకటి విడిపోయింది కూడా. ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ ప్రాంతంలో డాన్యూబ్ ఉపనదుల పక్కన బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రొమేనియా పల్లెల్లో కొన్ని కుటుంబాలకు మాత్రమే వచ్చే కిడ్నీ జబ్బును 1950లలో గుర్తించారు. ఒక ఇంట్లో ఉండి పక్కింట్లో ఉండేది కాదు. వైరస్ అన్నారు, గింజలకు పట్టే బూజు అన్నారు, బొగ్గు పొరల్లోంచి ఊరే బావినీళ్ళు అన్నారు. గోధుమ చేలల్లో మొలిచే ఒక కలుపు మొక్క మీద 1960ల చివర్లోనే అనుమానం వెలిబుచ్చినవారున్నారు గానీ పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1990ల తొలి నాళ్ళలో బెల్జియంలో బరువు తగ్గించే ఒక క్లినిక్కులో చైనా మూలికల గుళికలు మింగిన స్త్రీల కిడ్నీలు వరసగా పాడయ్యాయి. ఒక మూలిక బదులు పొరపాటున అరిస్టలోకియా జాతి మొక్క కలిసింది. వాళ్ళ కిడ్నీలు సూక్ష్మదర్శిని కింద అచ్చం బాల్కన్ రైతుల కిడ్నీల్లా ఉన్నాయి. 2007 నాటికి ఆ రైతుల కణాల డీఎన్ఏ మీద ఆ మొక్క విషం వదిలిన ముద్ర దొరికింది. చేలో గోధుమతో పాటు అదే జాతికి చెందిన ఆ కలుపు మొక్క గింజలు కూడా కోతకు వచ్చి, పిండిలో కలిసి, రొట్టెలో చేరాయి.

యాభై ఏళ్ళు పట్టింది. ఈ కథ నేను రోగులకు చెబుతుంటాను. ఎప్పటికైనా తేలుతుందన్న ధైర్యం కోసం కొంత, ఆ మొక్క బంధువులు మన తుప్పల్లోనూ ఉన్నాయని చెప్పడానికి ఇంకొంత. మన ఈశ్వరి తీగ, గాడిదగడపాకు ఆ జాతివే. పాముకాటుకనీ, కడుపులో పురుగులకనీ నాటు వైద్యంలో వాడతారు. ఎవరైనా పసరు తాగానంటే మొదట అడగవలసిన ప్రశ్న ఏ ఆకు అన్నదే.

ఇంట్లో తేలిన కారణం

ఆ ఇంట్లో నిజానికి మూడు కారణాలు తేలాయి. రోగి ఓటు నీళ్ళకు. చిన్నప్పటి నుంచి తాగిన నేలబావి మీద ఆయనకు అనుమానం. డిగ్రీ చదువుతున్న కొడుకు ఓటు జీడితోటల్లో కొట్టే మందులకు. తల్లిదీ, భార్యదీ ఒకటే మాట: చిల్లంగి.

తెలియని పాఠకుల కోసం: గిట్టనివాళ్ళు మంత్రం పెడితే మనిషి పైకి మామూలుగా తిరుగుతూనే లోలోపల ఎండిపోయి, ఏ మందుకూ లొంగకుండా పోతాడని ఉత్తరాంధ్ర పల్లెల్లో నమ్మకం. చదువుకున్నవాళ్ళం దీన్ని వినగానే నవ్వేస్తాం. నేను నవ్వను. ఆ వర్ణనను జబ్బు పక్కన పెట్టి చూడండి. నొప్పి లేదు, జ్వరం లేదు, చాలాకాలం వాపు లేదు. మనిషి రంగు తగ్గి, ఆకలి చచ్చి, బరువు దిగిపోతాడు. ఆసుపత్రికి వెళ్ళేసరికి సగం కిడ్నీ ఉండదు, మందు లేదంటారు. కళ్ళతో చూసినంత వరకు ఆ తల్లి గమనిక మా పాఠ్యపుస్తకంతో సరిపోతుంది. ఆ గమనికకు ఆమె తగిలించిన కారణంతోనే నా పేచీ.

ఎందుకంటే చిల్లంగికి ఒక మనిషి కావాలి. సిలికాను ఎవరూ కొట్టరు. ఎండను ఊరి నుంచి వెళ్ళగొట్టరు. చిల్లంగి అన్నాక ఎవరు పెట్టారన్నది తర్వాతి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబుగా దెబ్బలు తిన్నవాళ్ళు, పళ్ళు ఊడగొట్టించుకున్నవాళ్ళు, ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారు. సరిహద్దు దాటితే ఒడిశాలో ఇందుకోసం 2013లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

ఈ ఇంట్లో వేలు వదినగారి మీదికి మళ్ళింది. రోగి అన్నగారు ఇదే జబ్బుతో డయాలసిస్ మీద కొన్నాళ్ళు ఉండి పోయారు. ఆయన భార్యది విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు ఊరు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చింది. భర్త పోయాక అత్తింట్లోనే ఒక గదిలో ఉంటూ పలాసలో జీడిపిక్కలు కొట్టే కార్ఖానాకు వెళ్తోంది. తోటలో భర్త వాటా గురించి ఒకసారి పెద్దమనుషుల దగ్గర నోరు విప్పింది. అనుమానానికి అంతకంటే ఏం కావాలి!

ఉద్దానంలో ఒక మనిషికి జబ్బు తేలితే ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించడం నా పద్ధతి. చేయించాను. భార్య, కొడుకు, కూతురు మామూలే. తల్లికి 67 ఏళ్ళు, క్రియాటినిన్ 1.6. ఆమెకూ జబ్బు ఉంది, తెలియదంతే. వదినకు 0.7. ఇంట్లో అందరిలోకీ మంచి కిడ్నీలు ఆమెవే.

ఆ కాగితం ఇంటికి చేరాక ఏం జరిగిందో వారం తర్వాత తల్లి నాతోనే చెప్పింది. "చూశారా బాబూ, అదే బావి, అదే పొయ్యి. ఆవిడకు మాత్రం ఏమీ కాలేదు. మీ కాగితమే చెప్పింది."

ఒకే సంఖ్య. నాకు అది కారణం వెతకడానికి ఒక ఆచూకీ, ఆమెకు నేరానికి రుజువు. వదిన వేరే నేల మీద పుట్టి ఇరవయ్యేళ్ళు దాటాక ఇక్కడికి వచ్చింది, నీడపట్టున కూర్చుని పని చేస్తుంది, నొప్పి బిళ్ళల అలవాటు లేదు. నా దగ్గర ఇన్ని వివరణలున్నాయి. తల్లికి ఒక్కటే ఉంది, అది ఆమెకు చాలు. మా ఇద్దరి మధ్య తేడా చూపించాలంటే నా వివరణ తప్పయ్యే అవకాశం ఎక్కడుందో నేనే వెతికి చూపాలి. నీడలో ఉంటే జబ్బు రాదంటే, మరి ఏనాడూ చెట్టెక్కని తల్లికి ఎందుకు వచ్చింది? కనుక ఎండ ఒక్కటే చాలదు. పుట్టిన నేల, తాగిన నీరు ముఖ్యమనుకుంటే ఇక్కడ పుట్టి బయటికి వెళ్ళినవాళ్ళలో జబ్బు కనబడాలి.

రోగి చెల్లెలిని విజయనగరం జిల్లాలోనే నెల్లిమర్ల దగ్గరి ఊరికి ఇచ్చారు. వయసు 40. రప్పించి పరీక్ష చేయించాను. క్రియాటినిన్ 1.3, వడపోత 60 లోపు, అంటే ఆమెకూ జబ్బుంది. చిన్నప్పుడు ఇక్కడ గడిపిన ఏళ్ళకు ఈ ఫలితం అనుకూలం. అన్నదమ్ములతో పంచుకున్న రక్తానికి కూడా అంతే అనుకూలం. ఒక్క ఇంటిని బట్టి ఆ రెంటినీ విడదీయలేం. కానీ వదినకు ఆ చెల్లెలితో ఏ తగువూ లేదు. పెళ్ళిళ్ళలో తప్ప ఎదురుపడిందీ లేదు.

ఈ మాట తల్లికి చెప్పాను. "చిల్లంగికి దూరం ఏమిటి బాబూ. బొబ్బిలైనా ఒకటే, బొంబాయైనా ఒకటే" అంది.

అదీ అసలు చిక్కు. జబ్బు వస్తే చిల్లంగి, రాకపోతే చిల్లంగి పెట్టినవాళ్ళు. దగ్గరుంటే ఒకందుకు, దూరముంటే ఇంకొకందుకు. ఏం జరిగినా ఓడిపోని వివరణ ఏమీ చెప్పనట్టే. ఇది నమ్మకాల మీద విసురు మాత్రమే అనుకోవద్దు. మా సమావేశాల్లో కూడా నీరు, ఎండ, మందులు, జన్యువులు అన్నీ కలిసి పనిచేస్తున్నాయని చివరి స్లైడులో వేసి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళున్నారు. ఏది ఎంత, ఏది తీసేస్తే ఏం తగ్గాలి అని చెప్పకపోతే ఆ స్లైడుకూ తాయెత్తుకూ పెద్ద తేడా నాకు కనిపించదు.

పసరు, కొబ్బరిబోండాలు

మూడు నెలల పరీక్ష అయిన కొద్ది రోజులకే రోగిని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. కాళ్ళు చేతులు పట్టు తప్పాయి, గుండె బరువుగా ఉందన్నారు. ఇసిజిలో ఒక రకం అలలు ముళ్ళలా నిక్కబొడుచుకుని ఉన్నాయి. పొటాషియం 6.8. క్రియాటినిన్ 5.2. ఆ పొటాషియంతో గుండె ఏ క్షణంలోనైనా ఆగవచ్చు. గుండె కండరాన్ని కాపాడటానికి నరంలోకి కాల్షియం గ్లూకోనేట్, పొటాషియాన్ని కణాల్లోకి తోయడానికి గ్లూకోజుతో ఇన్సులిన్, పీల్చడానికి సాల్బుటమాల్, ఎండిపోయిన ఒంటికి సెలైన్. అర్ధరాత్రికి అలలు దిగాయి. డయాలసిస్ అవసరం రాలేదు. వారానికి క్రియాటినిన్ 3.1 దగ్గర ఆగింది. పాత 2.7కు మళ్ళీ రాలేదు. పోయిన ముక్క పోయినట్టే.

ఏం జరిగిందో కొడుకు చెప్పాడు. చిల్లంగి తీయడానికి ఒక నాటు వైద్యుడి దగ్గరకు వెళ్ళారు. ఆయన తాయెత్తు కట్టి, పెట్టినదంతా కక్కించడానికి మందిచ్చాడు. రెండు రోజులు వాంతులు, విరేచనాలు. తర్వాత నీరసానికి రోజుకు నాలుగు కొబ్బరిబోండాలు తాగించమన్నాడు. ఇంటి తోటలో కాయలకు కొదవ లేదు. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో 500, 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీకి అది లెక్క కాదు, మూత్రంలో పంపేస్తుంది. నీరు ఇంకి మూతపడుతున్న కిడ్నీకి అదే విషం. ఉద్దానంలో బిడ్డ పుట్టినా, జ్వరం వచ్చినా, చుట్టం వచ్చినా చేతికిచ్చేది బోండామే. అది వద్దని చెప్పడం ఈ ప్రాంతపు వైద్యుడికి అన్నిటికంటే కష్టమైన పథ్యం.

మందు ఏదో చూపించమని కొడుకును పంపాను. పాలిథీన్ సంచిలో తెచ్చాడు. తీగ, హృదయాకారపు ఆకు ఉంటుందేమోనని భయపడుతూ విప్పాను. నేలఉసిరి రెమ్మలు, అడుగున రెండు నేపాళం గింజలు. ఈశ్వరి కాదు. ఊపిరి పీల్చుకున్నాను. నేలఉసిరి వల్ల జరిగింది కాదిది. కక్కించి, కడిగించి ఒంట్లో నీరంతా లాగేసింది నేపాళం. ఆ గింజల నూనె చుక్క కూడా పేగును ఊడ్చేస్తుంది.

ఆ నాటు వైద్యుడితో ఫోనులో మాట్లాడాను. కోపంగానే మొదలుపెట్టాను. ఆయన చాలా మర్యాదగా విని, కిడ్నీ రోగులకు ఇకపై నేపాళం ఇవ్వనన్నాడు. ఫోను పెట్టేసే ముందు ఒక మాట అన్నాడు. "డాక్టరు గారూ, మీ దగ్గర ఉన్న మిషన్లు నా దగ్గర లేవు. కానీ వాళ్ళు ఎందుకని అడిగితే నేను చెప్పాను. మీరు చెప్పలేదు. అందుకే వచ్చారు."

ఆయన చికిత్స తప్పు. ఈ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. శాస్త్రం నోటి నుంచి తెలియదు అన్న మాట వస్తే దాని వెనక చాలా పని ఉంటుంది. చక్కెర కాదు, రక్తపోటు కాదు, రాయి కాదు, ఫలానా ఫలానా కాదు అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చి మిగిలిన చోట వేసిన గుర్తు అది. రోగికి ఆ పనేదీ కనబడదు. ఖాళీ కుర్చీ కనబడుతుంది. దానిలో ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.

కాగితం మీద వంశవృక్షం

కోలుకున్నాక వార్డులో ఒక సాయంత్రం కేస్ షీటు వెనక్కి తిప్పి ఆయన మంచం మీదే పరిచాను. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బున్నవారికి లోపల గీతలు, పోయినవారికి అడ్డగీత. వంశలక్షణం చూడటానికి వైద్యులు మామూలుగా గీసే బొమ్మే. ఈసారి ప్రతి గుర్తు కింద ఎప్పుడన్నది రాయమన్నాను. చిల్లంగి ప్రస్తావన నేను తేలేదు.

ఇక్కడివాళ్ళు సంవత్సరాలు అంకెల్లో చెప్పరు. తుపానుల్లో చెబుతారు. అన్నకు కిడ్నీ పోయిందని తెలిసింది ఫైలిన్ ఏడాది, అంటే 2013. డయాలసిస్ మొదలైంది తిత్లీ ఏడాది, 2018 అక్టోబరులో తోటలన్నీ నేలకొరిగాక. పెదనాన్న కొడుకుకు జబ్బు ఆ రెండింటి మధ్య. మేనత్త కాళ్ళు వాచి పోయింది. తండ్రి కూడా కాళ్ళు వాచి, ఆయాసంతో, అన్నం సయించక పోయారు. ఎప్పుడు? 1999లో ఒడిశాను ముంచేసిన పెను తుపానుకు ముందు వేసవిలో. అన్నగారి పెళ్ళి? ఆ తుపాను తర్వాత రెండేళ్ళకు.

పెన్ను ఆయన చేతిలోనే ఉంది. తండ్రి చతురస్రం దగ్గర నుంచి వదిన వృత్తం దాకా గీతను రెండుసార్లు వేలితో తడిమారు. "అప్పటికి వదిన మా ఊరు మొహం కూడా చూడలేదు" అన్నారు.

తల్లికి చూపిస్తే ఆమె తేలికగా ఒప్పుకోలేదు. "ఆయనది గుండెజబ్బని చెప్పారు అప్పట్లో" అంది. నిజానికి అది న్యాయమైన ఆక్షేపణ. ఆయనకు క్రియాటినిన్ ఎవరూ చూడలేదు. కాళ్ళవాపు, ఆయాసం గుండెతోనూ వస్తాయి. అలాగే అన్నాను. అప్పుడు ఆమె పేరిట గీసిన వృత్తం చూపించి, ఇందులోని గీతల సంగతి ఏమిటన్నాను. ఆమెకూ జబ్బుందని, కొడుకు జబ్బూ ఆమె జబ్బూ ఒకటేనని అంతకుముందే చెప్పాను గానీ చెవికెక్కలేదు. "నాకేమీ లేదు బాబూ, నేను శుభ్రంగానే ఉన్నాను కదా" అంది. రోగి అందుకున్నారు. "నేనూ శుభ్రంగానే ఉన్నాననుకున్నాను అమ్మా. నడుము నొప్పికి వెళ్ళాను."

ఆమె నమ్మకం మారిందని చెప్పను. ఇప్పటికీ గ్రామదేవతకు మొక్కు ఉంది, దండకు తాయెత్తు ఉంది. ఇంట్లో వదిన పేరెత్తడం మాత్రం కొడుకు మాన్పించాడు. తోట వాటా కాగితం కూడా ఆ ఏడాదే రాయించారని తర్వాత తెలిసింది. తప్పుడు వేలును దించిన పని మందులతో జరగలేదు, ఉపన్యాసంతో జరగలేదు. కారణం ఫలితం కంటే ముందు ఉండాలి అన్న సూత్రం ఆయనకూ నాకూ ఇద్దరికీ ముందే తెలుసు. దాన్ని ఆయన చేతే ఆయన ఇంటి తుపానుల మీద వాడించాను, అంతే.

కారణం తెలియకుండానే చేసిన వైద్యం

ఇప్పుడు కారణం అడిగితే నేను ఇంకోలా చెబుతున్నాను. దీన్ని మొదలుపెట్టింది ఏమిటో తేలలేదు, తోసేవి ఏమిటో తెలుసు అంటాను. నొప్పి బిళ్ళలు తోస్తాయి కనుక డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ పూర్తిగా బంద్. నడుముకు కాపడం, తప్పకపోతే పారాసెటమాల్. నీరు ఇంకడం తోస్తుంది కనుక దింపు పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కక ముందే ముగించాలి, నీళ్ళ సీసా చెట్టు మొదట్లో ఉండాలి. మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇదే పని వ్యవస్థగా చేశారు: తాగడానికి నీరు, గంటల మధ్య విశ్రాంతి, నీడకు గుడారం. జబ్బు మూలం తేలకముందే ఇది మొదలుపెట్టారు, కూలీల కిడ్నీలకు మేలు జరిగింది. కక్కించే మందులు, కడిగించే మందులు వద్దు. బోండాం వద్దు. తాయెత్తు ఉండనివ్వండి, కిడ్నీకి దాని వల్ల హాని లేదు.

నీళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. రోగి ఓటు నీళ్ళకని ముందే చెప్పాను. ఉద్దానంలో సగం ఊళ్ళ ఓటు దానికే. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఇక్కడి ఇళ్ళకు తేవడానికి 700 కోట్ల రూపాయల పథకం కట్టారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రంతో పాటు దానినీ 2023 డిసెంబరులో ప్రారంభించారు. భూగర్భ జలమే దోషి అని తేలకముందే ఇంత ఖర్చేమిటని ఒక సహోద్యోగి నాతో వాదించాడు. నది నీళ్ళు ఏ కారణం చేతనైనా మంచివే అన్నది నా జవాబు. శ్రీలంక 2015లో గ్లైఫోసేట్ కలుపుమందును కిడ్నీ జబ్బు పేరు మీదే నిషేధించి, తర్వాత వెనక్కి తీసుకుంది. అలా ఒకదాన్ని తీసేయడం కంటే మంచినీళ్ళు ఇవ్వడంలో పోయేదేమీ లేదు. పైగా ఇది ఓడిపోగల పందెం. నీరే కారణమైతే, ఇప్పుడు నది నీళ్ళు తాగుతూ పెరుగుతున్న పిల్లలు పెద్దయ్యేసరికి ఉద్దానంలో క్రియాటినిన్లు దిగిరావాలి. రాకపోతే నీటిని జాబితాలోంచి కొట్టేయవచ్చు. కాకపోతే ఆ పిల్లల లెక్క ఇప్పటి నుంచే ఎవరైనా రాసి పెట్టాలి. నమూనాల కోసం ఇక్కడికి వచ్చి రక్తం తీసుకెళ్ళినవాళ్ళు ఎందరో. ఫలితం కాగితం తిరిగి ఇంటికి రాలేదని చెప్పే రోగులు ఇంకా ఎందరో. నమ్మకం పోవడానికి అదీ ఒక దారి.

ప్రస్తుత స్థితి

చివరి పరీక్షలో క్రియాటినిన్ 3.9, వడపోత 18 దగ్గర. పొటాషియం 4.9. హిమోగ్లోబిన్ ఇంజెక్షన్లతో నిలబడింది. జబ్బు ఆగలేదు, నెమ్మదించింది. తల్లి 1.6 నుంచి 1.7కు వచ్చి అక్కడే ఉంది, రక్తపోటు బిళ్ళ వేసుకుంటోంది. చెల్లెలు నెల్లిమర్ల నుంచి ఆరు నెలలకొకసారి కాగితం ఫోనులో పంపుతుంది.

డయాలసిస్ కోసం ఎడమ చేతి నాళాలను ముందుగా కలిపి ఉంచే ఫిస్టులా ఆపరేషన్ చేయించమని చెప్పాను. అది పక్వానికి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా కూతురికి సంబంధం వచ్చింది. ఉద్దానం పిల్లను చేసుకోవడానికి జంకేవాళ్ళు ఉన్నారు. అబ్బాయి తండ్రి నేరుగా నా గదికే వచ్చి, ఈ జబ్బు అమ్మాయికి వస్తుందా అని అడిగారు. రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన సరేనన్నాకే జవాబు చెప్పాను. కుటుంబాల్లో గుంపుగా వస్తుంది, అది రక్తం వల్లో ఒకే ఇంటి నీరు, పని వల్లో విడదీయలేదు, అమ్మాయి పరీక్షలు ఇవాళ్టికి మామూలుగా ఉన్నాయి, ఏటా ఒకసారి చూపించాలి. ఆయన కాసేపు ఆలోచించి, ఆ పరీక్ష తన భార్యకూ కొడుక్కూ కూడా చేయించవచ్చా అని అడిగారు. వాళ్ళది మందస.

పెళ్ళి మాఘంలో అనుకున్నారు. పెళ్ళయ్యాకే ఆపరేషన్ అని రోగి, ముందే అని నేను. చేతికి కట్టుతో పీటల మీద కూర్చోవడం బాగుండదని ఆయన అభ్యంతరం. కార్తీకంలో చేయించాం. మాఘానికి కట్టు ఉండదు.